ఇరుసుకి ఎంత దూరం: అమ్మ చేతి కోసం ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 22, ఆదివారం. పర్లాకిమిడి, ఒడిశా

అమ్మ మణికట్టుకి కట్టు విప్పి ఇవాళ్టికి పది రోజులు. మే మొదటి వారంలో పెరట్లో నూతి గట్టు మీద పాకుడుకి కాలు జారి, కుడి చెయ్యి ఊతంగా పెట్టి పడిపోయింది. ఎముక అతుక్కుంది. వేళ్ళు బాగానే ముడుచుకుంటున్నాయి. దేన్నైనా మెలి తిప్పాల్సి వస్తే మాత్రం ముఖం ముడుచుకుంటుంది. పొద్దున్న ఆవకాయ సీసా మూత తియ్యబోయి, రాక, ఎవరినీ పిలవకుండా సీసా మళ్ళీ అలమరలో పెట్టేసింది. అది చూశాక ఈ పని మొదలుపెట్టాను.

నేను ఇక్కడ హైస్కూల్లో సైన్సు మాస్టారిని. బళ్ళో ఒడియాలో చెప్పే పాఠం, ఇంట్లో తెలుగులో చేసే పని. ఘర్షణ, అంటే రాపిడి, అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే. పలకడంలోనే కొంచెం తేడా. ఏళ్ళ తరబడి బోర్డు మీద చెబుతున్న పాఠాన్ని ఇప్పుడు మా ఇంటి తలుపు దగ్గర, కుళాయి దగ్గర కొలిచి చూడాలి.

అమ్మ చేత కానివి ఐదు. వీధి తలుపు, సీసా మూతలు, స్నానాలగది కుళాయి, నూతి గిలక, తిరగలి. చివరి రెండూ ఇప్పుడే వద్దని మేం అన్నాం. అమ్మ ఒప్పుకోలేదు.

పనిముట్లు ఏమీ పెద్దవి కావు. ప్రయాణానికి సంచులు తూచుకునే కొక్కెం కాటా, టేపు, చెక్క ముక్కలు, ఒక నోట్‌బుక్కు. అంకెలు రాసే పని తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిది.

ముందు అమ్మ చేతిని కొలిచాం. పాత సీసా మూతకి 20 సెంటీమీటర్ల చెక్క అతికించి, మూతని అమ్మని పట్టుకోమని, చెక్క కొసన కాటా తగిలించి మెల్లగా లాగాను. 0.4 కిలోల దగ్గర "చాలు నాన్నా" అంది. 0.4 ని 20 తో గుణిస్తే 8. దీన్నే పుస్తకాల్లో బలభ్రామకం అంటారు, నేను టార్క్ అనే రాస్తాను. వస్తువు ఏ చోటు చుట్టూ తిరుగుతుందో అది ఇరుసు, ఆ ఇరుసు నుంచి దూరంతో బలాన్ని గుణిస్తే వచ్చేది. మేం లెక్క వేసుకోవడానికి 'కిలో-సెంటీ' అని పెట్టుకున్నాం. అలాంటివి 10 కలిస్తే దాదాపు 1 న్యూటన్-మీటరు. అమ్మాయి చేతికి 25 వచ్చింది, నా చేతికి 45.

తర్వాత కాటా కొక్కేన్ని నాలుగు వేళ్ళతో పట్టుకుని నేరుగా లాగమన్నాను. 5 కిలోల వరకూ నొప్పి లేదు. ఈ రెండో అంకె చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మెలి తిప్పే చోట లాగే వీలు కల్పిస్తే అమ్మ చెయ్యి చాలానే చెయ్యగలదు.

జూన్ 24, మంగళవారం. తలుపు

"తలుపు కీచుమంటోంది, నూనె ఎయ్యరా" అని అమ్మ నాలుగు రోజులుగా అంటోంది. టేకు తలుపు, తాతగారి కాలం నాటిది. వానలు మొదలయ్యాక ఇంకా బిగిసింది. పిడికి కాటా తగిలించి లాగితే కదలడానికి 4.2 కిలోలు పట్టింది, కదిలాక 3.5. మొదట కదిలించడానికి ఎక్కువ, కదుల్తున్నప్పుడు తక్కువ. ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ 1785 లో రాసిన తేడా ఇదే, మా వీధి గుమ్మంలో కాటా మీద కనబడింది.

కుట్టుమిషను నూనె తెచ్చి మూడు బందులకీ వేశాను. కొబ్బరినూనె వద్దన్నాను, అది కొన్నాళ్ళకి జిగురులా తయారై దుమ్ము పడుతుంది. కీచు పూర్తిగా పోయింది. కాటా పెట్టి చూస్తే 4.1.

వంద గ్రాములే తగ్గింది! అమ్మ వచ్చి లాగింది, కష్టం మీద గానీ రాలేదు. "సద్దు పోయింది గానీ బరువు పోలేదురా" అంది.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. అప్పుడు తెలిసింది నేను తప్పు చోట వెతికానని. బందులో ఇనుము ఇనుముతో రాసుకునే చోటు ఇరుసుకి సెంటీమీటరు దూరంలో కూడా లేదు. అక్కడ 8 కిలోల రాపిడి ఉన్నా, దాని టార్క్ 8 కిలో-సెంటీలకి మించదు. పిడి ఇరుసుకి 75 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 8 ని 75 తో భాగిస్తే నూరు గ్రాములు చిల్లర. నూనెతో తగ్గిందీ అంతే. చెవులకి వినబడిన రాపిడి అది. చేతికి బరువైన రాపిడి మరోచోట, ఇరుసుకి దూరంగా ఉండాలి.

జూన్ 25, బుధవారం

దొరికింది. తలుపు కింద కాగితం ముక్క దూర్చి జరుపుకుంటూ వెళ్ళాను. బందుల వైపు సులువుగా పోయింది, గడియ వైపు మూలకి వచ్చేసరికి ఇరుక్కుంది. కింద గచ్చు మీద వంపు గీత, పావు వృత్తంలా, ఏళ్ళ నాటిది. రోజూ దాటుతున్నాం, ఎవరం పట్టించుకోలేదు. ఆ మూల ఇరుసుకి 80 సెంటీమీటర్లు, పిడి 75. అంటే అక్కడి రాపిడి నాలుగు కిలోలైతే లాగేవాళ్ళ చేతికీ నాలుగు కిలోలే. పిడి ఇచ్చే లాభం ఏమీ లేదు.

ఉప్పు కాగితంతో కింద అంచు కొంత అరగదీశాను. నేలకి ఆనే చోటు సగానికి తగ్గింది. కాటా మీద మాత్రం మళ్ళీ 4.1! దీనికీ పాఠం ఉంది. అమోంతోన్ అనే ఫ్రెంచి ఆయన 1699 లో చెప్పాడు, రాపిడి ఎంతన్నది ఆనే చోట పడే బరువుని బట్టి ఉంటుంది, ఆనే వైశాల్యాన్ని బట్టి కాదు అని. నేను వైశాల్యం తగ్గించాను. తలుపు అంతే బరువుతో నేల మీద కూర్చునే ఉంది. పదేళ్ళుగా పిల్లల చేత బట్టీ పట్టిస్తున్న వాక్యం, నా చేతుల్లో ఉప్పు కాగితం ఉండగా గుర్తు రాలేదు. రేపు క్లాసులో ఈ తలుపు సంగతే చెబుతాను.

తలుపు ఎందుకు కుంగింది? బరువు సుమారు 24 కిలోలు. బరువుకి నడిమి చోటు బందులకి 40 సెంటీమీటర్ల దూరం. అంటే తలుపు తనని తాను 960 కిలో-సెంటీల టార్క్‌తో కిందికి వంచుకుంటోంది. పై బందుకీ కింది బందుకీ మధ్య 150 సెంటీమీటర్లు. 960 ని 150 తో భాగిస్తే 6.4. పై బందు మేకుల్ని 6.4 కిలోల బలం పగలూ రాత్రీ బయటికి పీకుతూనే ఉంటుంది. తలుపు మూసి ఉన్నా, ఇంట్లో ఎవరూ లేకపోయినా. స్క్రూలు పట్టుకుని ఊపితే రెండు ఊగాయి.

వడ్రంగి మేస్త్రికి కబురు పెట్టాను.

జూన్ 27, శుక్రవారం. రథయాత్ర

మేస్త్రి రాలేదు, పండగ. సాయంత్రం అమ్మని మెల్లగా నడిపించుకుని రథం దగ్గరికి వెళ్ళాం. కర్ర చక్రాలు, కర్ర ఇరుసు. పూరీలో జగన్నాథుడి నందిఘోషకి 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12. బేరింగు అన్న మాట లేదు. అంత బరువు ఎలా కదులుతుంది? రాపిడి జరిగేది ఇరుసు దగ్గర, చిన్న వృత్తం మీద. తాడు లాగే బలం పనిచేసేది పెద్ద చక్రం మీదుగా. చక్రం ఇరుసు కన్నా ఎన్ని రెట్లు పెద్దదో, ఇరుసు దగ్గరి రాపిడి తాడు దగ్గరికి అన్నో వంతుకి దిగుతుంది. జనంలో నిలబడి చక్రాన్నీ ఇరుసునీ కళ్ళతో కొలుస్తూ ఉండిపోయాను. అమ్మ ఎడమ చేత్తో తాడు ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

మా నూతి గిలకకి ఏం చెయ్యాలో అక్కడే తోచింది.

జూన్ 29, ఆదివారం. తలుపు అయ్యింది

మేస్త్రి వచ్చాడు. సగం తెలుగు, సగం ఒడియా. పిడి పట్టుకుని ఒక్కసారి పైకి ఎత్తి చూసి, "పై బందు వదిలేసింది బాబూ, చిత్రిక తర్వాత" అన్నాడు. నేను కాగితం, కాటా, లెక్కలు పెట్టుకుని రెండు రోజుల్లో తెలుసుకున్నది ఆయన చెయ్యి ఒక్క ఎత్తులో చెప్పింది. ఆ చెయ్యి ఎన్ని తలుపుల బరువు చూసిందో.

పాత స్క్రూలు తీసి, ఊడిన బెజ్జాల్లో వెదురు పుల్లలు జిగురుతో కొట్టి, రెండున్నర అంగుళాల స్క్రూలు దారబంధంలోకి లోతుగా దించాడు. తలుపు మూల నేల మీంచి లేచింది. గడియ వైపు వానకి ఉబ్బిన చోట మాత్రం రెండు మూడుసార్లు చిత్రిక పట్టాడు. ఎక్కువ పట్టనివ్వలేదు, మాఘమాసానికి కర్ర మళ్ళీ ఎండుతుంది, సందు పడుతుంది. గడియకి నేను కొవ్వొత్తి రుద్దాను. కర్రకి నూనె కన్నా మైనం మంచిది.

కాటా: 0.6 కిలోలు.

అమ్మ రెండు వేళ్ళతో తెరిచింది. మూసి మళ్ళీ తెరిచింది. ఏమీ అనలేదు, మూడోసారి కూడా తెరిచింది.

జూలై 2, బుధవారం. సీసా మూత

మూత సంగతి తలుపు కన్నా కష్టం. ఎందుకో ఆలోచిస్తే మళ్ళీ అదే లెక్క. మర రాసుకునేది మూత అంచు దగ్గర, ఇరుసుకి 3.5 సెంటీమీటర్లు. మన వేళ్ళు పట్టుకునేదీ ఆ అంచునే. రాపిడి ఎంత దూరంలో ఉందో చెయ్యీ అంతే దూరంలో ఉంది. ఏ లాభమూ రాదు. అందుకే చిన్న మూత అంత మొండిది.

పైగా ఇక్కడ రాపిడి రెండు చోట్ల ఉంది. మూతకీ సీసాకీ మధ్య రాపిడి శత్రువు, మూతకీ వేళ్ళకీ మధ్య రాపిడి మిత్రుడు. ఆవకాయ నూనె అంటిన చెయ్యి మిత్రుణ్ణి పోగొడుతుంది, మరలో ఎండిన ఉప్పూ కారం శత్రువుని పెంచుతాయి. వేళ్ళు జారకుండా ఇంకా గట్టిగా నొక్కాలి. అమ్మకి నొప్పి వచ్చేది ఆ నొక్కులోనే.

కొన్న జామ్ సీసా ఒకటి కొలిస్తే 22 కిలో-సెంటీలు. చెంచా తోకతో మూత అంచు కొంచెం ఎత్తగానే 'టిక్' మని గాలి లోపలికి పోయింది. మళ్ళీ బిగించి కొలిస్తే 12. లోపల గాలి తక్కువున్నప్పుడు బయటి గాలి మూతని సీసా మీదికి అదుముతుంది. 7 సెంటీమీటర్ల మూత మీద వాతావరణం పెట్టగలిగే బరువు 40 కిలోలకి దగ్గర. లోపల పూర్తి శూన్యం ఉండదు కనుక అంతా పడదు, కొంత పడినా చాలు. గాలి వెళ్ళనిస్తే ఆ బరువు పోతుంది, బరువుతో పాటు రాపిడీ పోతుంది.

పన్నెండైనా అమ్మ ఎనిమిదికి ఎక్కువే. సైకిలు షాపులో పాత ట్యూబు అడిగి తెచ్చి, అంగుళం వెడల్పు పట్టీ కోసి, ఒక కర్ర కొసకి ఉచ్చులా బిగించాను. ఉచ్చు మూతకి తొడిగి కర్ర లాగితే రబ్బరు తనంతట తానే బిగుసుకుంటుంది. కర్ర చెయ్యి 15 సెంటీమీటర్లు. 22 అయినా ఒకటిన్నర కిలోల లాగుడుతో వస్తుంది. అమ్మ 5 లాగగలదు.

ఆనందంగా చేతికిచ్చాను. అమ్మ లాగింది, సీసా మొత్తం తిరిగిపోయింది! మూతని ఎంత టార్క్‌తో తిప్పితే సీసాని అంతే టార్క్‌తో ఎవరో ఆపాలి. అది ఎడమ చేతి పని అనుకుని లెక్కలో వదిలేశాను. సాయంత్రం ఒక పలక మీద రెండు చెక్కలు కోణంలా కొట్టి, వాటికి లోపల ట్యూబు అతికించి, పలక కింద కూడా ట్యూబు వేశాను. సీసాని ఆ మూలలోకి నెట్టి కర్ర లాగితే సీసా కదల్లేదు. మూత వచ్చింది.

మూత మళ్ళీ పెట్టే ముందు మర తుడవాలి అన్నది ఇప్పుడు మా వంటింటి రూలు.

జూలై 5, శనివారం. కుళాయి, నా పొరపాటు

ఇవాళ బాహుడా, రథాలు తిరిగి వచ్చే రోజు. బడికి వెళ్ళనక్కర్లేదు, ఇంట్లో కుళాయి కారుతోంది. కారడానికి కారణం నేనే.

స్నానాలగదిది పాత ఇత్తడి కుళాయి, తిప్పే పిడి నడుమ నుంచి కొసకి రెండున్నర సెంటీమీటర్లే. గురువారం రాత్రి దానికి 12 సెంటీమీటర్ల చెక్క చెయ్యి బిగించాను. అమ్మ ఒక వేలితో తిప్పింది. నిన్న సాయంత్రానికి నీళ్ళు ఆగడం మానేశాయి. విప్పి చూస్తే రబ్బరు వాషరు నడుమకి కోసుకుపోయి ఉంది.

పొడుగు చెయ్యి రాపిడిని తగ్గించదు. అది చేతిని రాపిడికి దూరం చేస్తుంది, అంతే. పాత పిడితో 2 కిలోల బలం పెడితే మర దగ్గర 5 కిలో-సెంటీలు. కొత్త దానితో అదే 2 కిలోలు 24 అవుతాయి. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. నా చెక్క ఆ తెలివిని తీసేసింది. అమ్మ తప్పేమీ లేదు, ఎప్పటి అలవాటు ప్రకారమే బిగించింది.

అప్పుడు చెయ్యవలసిన పని చేశాను. కాడ బయటికి తీశాను, మరలో పచ్చగా పేరుకున్న చిలుము పాత బ్రష్షుతో రుద్దాను, పలచగా గ్రీజు పట్టించాను, కొత్త వాషరు వేశాను. 6 పట్టే కుళాయి ఇప్పుడు 3 కి తిరుగుతోంది. చెక్క చెయ్యిని 5 సెంటీమీటర్లకి కోసేశాను. రాపిడి తగ్గించాక మిగిలిన కష్టానికే చెయ్యి పొడుగు పెంచాలి. మొదటే పెంచితే ఎక్కడో ఏదో తెగుతుంది.

జూలై 6, ఆదివారం. గిలక

కుళాయి నీళ్ళు రాని రోజు మాకు నుయ్యే గతి. నిండు చేద బరువు 11 కిలోలు, నేరుగా తూచాం. చేంతాడుకి కాటా కట్టి మెల్లగా లాగితే 13.6. మెల్లగా దించుతూ పట్టుకుంటే 8.9. ఎత్తేటప్పుడు రాపిడి మనకి ఎదురు, దించేటప్పుడు మన పక్షం. ఈ రెండు అంకెల్నీ గుణించి వర్గమూలం తీయమని అమ్మాయికి చెప్పాను. 11.0 వచ్చింది. చేదని తూచకుండానే దాని బరువు! పిల్ల మొహం చూడాలి.

పాత గిలక వ్యాసం 11 సెంటీమీటర్లు, ఇరుసు 2. చక్రం అయిదున్నర రెట్లే పెద్దది. ఇరుసు మీద రెండు వైపుల తాళ్ళూ కలిపి 24 కిలోలకి పైగా బరువు, దానికి తోడు తుప్పు. తుప్పు గీకి గ్రీజు పెడితే 11.6 కి దిగింది. మధ్యాహ్నం మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వెళ్ళి 20 సెంటీమీటర్ల గిలక తెచ్చాను. అదే ఇరుసుకి వేస్తే 11.3. ప్రతి చేదకీ రెండు కిలోల పైన మిగిలింది.

అయినా ఇది అమ్మ 5 కిలోలకి చాలా ఎక్కువ. అందుకని చిన్న చేద, 3 లీటర్లది. ఇంకొకటి కూడా నేర్పాను. నడుమ అలసట వస్తే తాడుని పక్కనున్న గుంజకి ఒక చుట్టు తిప్పి పట్టుకోవాలి. చుట్టు తిరిగిన తాడు దగ్గర రాపిడి కూడికగా కాదు, రెట్లుగా పెరుగుతుంది. గణిత శాస్త్రవేత్త ఆయిలర్ ఈ లెక్క ఎప్పుడో కట్టాడు. ఘర్షణ గుణకం, అంటే తాడుకీ గుంజకీ మధ్య రాపిడి ఎంత ఎక్కువో చెప్పే అంకె, 0.3 అనుకుంటే ఒక్క చుట్టుకి ఆరున్నర రెట్లు, రెండు చుట్లకి నలభై దాటుతుంది. పెద్ద చేదనైనా రెండు కిలోల లోపు బలంతో ఆపవచ్చు. "మా నాన్న పశువుని గుంజకి ఇలాగే చుట్టేవోడు" అంది అమ్మ.

చీకటి పడేలోగా నూతి గట్టు మీద పాకుడు బ్లీచింగు వేసి గీకాను, గచ్చు మీద ఉలితో అడ్డంగా గాట్లు పెట్టాను. రాపిడి ఉండాల్సిన చోట లేకపోబట్టే ఇదంతా మొదలైంది. ఈ పని అన్నిటికన్నా ముందు చెయ్యవలసింది.

జూలై 13, ఆదివారం. తిరగలి

చోళ్ళు తెచ్చాం. ఇక్కడ సంతలో మాండియా అని అడగాలి. మిల్లుకి ఇద్దామంటే అమ్మ వినలేదు, విసిరిన పిండి అంబలి వేరంటుంది.

పై రాయి 14 కిలోలు, వ్యాసార్ధం 18 సెంటీమీటర్లు. ఇక్కడ రాపిడి ఒక చోట లేదు, రాయంతా పరుచుకుని ఉంది. అలా పరుచుకున్న రాపిడికి సగటు దూరం వ్యాసార్ధంలో మూడింట రెండు వంతులు, అంటే 12. పిడి 14 దగ్గర ఉంది. సీసా మూత లాంటి మొండితనమే ఇదీ. గింజలు పోస్తూ తిప్పితే 4.6 కిలోలు పట్టింది. గింజలు తక్కువైతే రాయి రాయితో ఒరుసుకుని ఇంకా బరువెక్కింది. ఉన్నప్పుడు అవి కొంత దొర్లుతాయి.

పొడుగు కర్ర కట్టాలని నేను కొలతలు తీస్తుంటే అమ్మ చూసి, "ఒక్కరే ఎవరు విసిరారురా ఎప్పుడైనా? ఎదురెదురుగా ఇద్దరం కూచునేవాళ్ళం" అంది. మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టింది. ఒకే పిడి మీద రెండు చేతులు. రెండు టార్కులు కలిశాయి, అమ్మ వాటాకి 2.3 కిలోలు. పిల్ల ఊపు తప్పినప్పుడల్లా "మామ్మా, ఆగు" అంటోంది, అమ్మ ఆగడం లేదు. కాటా పక్కన పెట్టేశాను.

పిండి కొంచెం బరకగా వచ్చింది. రాయికి కక్కు, అంటే పిండి చేసే గరుకు గాట్లు, అరిగిపోయింది. వచ్చే ఆదివారం కక్కు కొట్టేవాడు దొరికితే పిలవాలి.